పుస్తకములకు వరశుల్కము

ఆడుబిడ్డకు కట్నమిచ్చి పెండ్లి చేయుట అనాచారమని సభలలో నుపన్యసించు పెద్దమనుష్యులకు మన పట్టణములలో కొదువ లేదు. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని 1961వ సంవత్సరముననే శాసనమైనది. అయినను ఆ పెద్దమనుష్యులే యొక గ్రంథమును వ్రాసిరేని, దానిని లోకమునకు ఒప్పగించుటకై ప్రకాశకుని గుమ్మమునొద్ద సొమ్ముతో నిలుచుచున్నారు. “అయ్యా! మా పుస్తకమును స్వీకరింపుడు, ఇదిగో శుల్కము, లాంఛనములు వేఱుగ సమర్పించెదము” అని వేడుకొనుచున్నారు. దీనికి స్వీయప్రచురణమని నాగరికమైన పేరొకటి పెట్టబడినది. కట్నమును కానుక యని పిలిచినంతమాత్రమున అది కట్నము కాకపోవునా? పుచ్చుకొనువాడు పుచ్చుకొనుచునే యున్నాడు. ఇచ్చువాడు ఇల్లు గుల్ల చేసికొనుచునే యున్నాడు.

ఈ దురాచారము గ్రంథకర్తల నందఱను బాధించుచున్నను, కొలదిమంది యాడెడి యాటలను గూర్చి వ్రాయువారిని మిక్కిలి బాధించుచున్నది. పేరుపొందిన క్రికెట్టు ఆటగాని జీవితచరిత్రమును అచ్చువేయుటకు వర్తకులు తామై ముందునకు వత్తురు. కఱ్ఱసామును గూర్చియో, బిళ్లంగోడును గూర్చియో, పులిజూదమును గూర్చియో యొకడు పుస్తకము వ్రాసినచో వాని మొగము చూచువాడు లేడు. అట్టి పుస్తకమును ఎట్లు ప్రచురింపవలెనన్న ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. కాని యీ యాటలు ఇంతవరకు మనుష్యుల చేతులలోను కాళ్లలోను మాత్రమే బ్రతికియున్నవి. నేర్పువాడు పోయిన దినముననే విద్యయు పోవును. ఆ విద్యను కాగితముమీద పెట్టినవాడు దానిని ఏ మార్గమున ప్రజలకు చేర్చవలెనో విచారించుట మన కర్తవ్యము. నేను కన్నులార చూచిన యుదాహరణ మొకటి చెప్పి, పిదప నా వాదమును విన్నవించెదను.

నా మిత్రుడొకాయన గోదావరీ ప్రాంతమున నొక ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాష్టారుగా నుండి విశ్రాంతి పొందెను. దసరా దినములలో అమలాపురము వీథులలో జరుగు చెడీ తాలింఖానాను ఆ ప్రాంతమువా రెల్లరు నెఱుగుదురు. మాష్టారు 28 సంవత్సరములు సెలవుదినములలో సైకిలుమీద ఊరూర తిరిగి, వృద్ధులైన గురువులయొద్ద కఱ్ఱసాములోని అడుగులను, దెబ్బలను, కాచుకొను విధములను, వాని పేళ్లను వ్రాసికొనెను. ఒక దెబ్బకు ఒక యూర నొక పేరు, పొరుగూర మఱియొక పేరు, అన్నింటిని కూర్చెను. ఆయన కుమార్తె 160 బొమ్మలు గీసి యిచ్చెను. గ్రంథము 240 పుటలయ్యెను.

మొదట ఆయన వ్రాతప్రతిని నగరములోని యొక పెద్ద ప్రచురణ సంస్థకు పంపెను. 14 నెలలు మౌనము. పిదప, ఈ విషయమునకు పాఠకులు చాలరని రెండు పంక్తుల జాబు. ఆ సంస్థవారిని నేను నిందింపను. తన సొమ్ము పెట్టి యచ్చువేయువాడు తన లాభనష్టములను చూచుకొనుట న్యాయమే. కాదన్న మాట నిజాయితీగల మాట. ఆలస్యముగ చెప్పుటయే తప్పు.

అంతట 2019లో ఆయనకు మఱియొక సంస్థ తారసిల్లెను. గ్రంథకర్తల కలలను పండించుటయే తమ వ్రతమని వారు ప్రకటించుకొనుచుండిరి. వారియొద్ద వెండి, బంగారము, వజ్రము అను మూడు ప్యాకేజీలుండెను. బంగారపు ప్యాకేజీ వెల 1,10,000 రూపాయలు. దానికొఱకు మాష్టారి భార్య మెడలోని గొలుసు బ్యాంకులో కుదువకు పోయెను. బంగారమునకు బంగారము సరిపోయెను!

500 ప్రతులు వచ్చెను. అట్ట నిగనిగలాడుచుండెను. లోపల 11 బొమ్మలు అద్దములోని ప్రతిబింబములవలె కుడియెడమలు తాఱుమాఱై యచ్చుపడెను. కథల పుస్తకములో బొమ్మ తిరుగబడినచో నవ్వి యూరకుండవచ్చును. కఱ్ఱసాము పుస్తకములో కుడిచేయి యెడమచేయి యైనచో, దానిని చూచి యభ్యసించు బాలుడు కాచుకొనవలసిన చోట తల నప్పగించును. ప్రూఫులు చూచినవారు లేరా యని యడుగగా, ఆ సదుపాయము వజ్రపు ప్యాకేజీ వారికే యని సమాధానము వచ్చెను. ప్రతికి వెల 650 రూపాయలుగ నిర్ణయించిరి. సాము నేర్చుకొను బాలుర తండ్రులలో కూలిపని చేయువారే యెక్కువ. ఆ వెల పెట్టి యెవరు కొందురు?

పిదప ఆవిష్కరణ సభ జరిగెను. వక్తలు ఏడుగురు. నేనును వారిలో నొకడను. శాలువా కప్పించుకొంటిని, ఉచిత ప్రతి పుచ్చుకొంటిని, చదువకయే పొగడితిని. ఆ తప్పును ఒప్పుకొననిదే ఈ వ్యాసము వ్రాయుటకు నాకు అర్హత లేదు. ఆ దినమునను, ఆ పిమ్మటను 90 ప్రతులు ఉచితముగ పోయెను. మూడేండ్లలో అమ్ముడుపోయినవి 37. మిగిలిన 373 ప్రతులు మాష్టారి మంచముక్రింద చెదలకు చేరువగ నుండెను. గొలుసు మాత్రము మెడకు చేరలేదు.

ఇందు లోపమెక్కడ నున్నది? ముద్రాపకునకును ప్రకాశకునకును గల భేదమును మనము మఱచితిమి. ముద్రాపకుడు కాగితముమీద సిరా అద్ది కూలి పుచ్చుకొనును. అతనికి కూలి యిచ్చుట ధర్మము. ప్రకాశకుని పని వేఱు. అతడు పుస్తకమును చదివి, తప్పులు దిద్దించి, తన సొమ్ము పెట్టి యచ్చొత్తించి, పాఠకుని వెదకి యమ్మి, వచ్చిన దానిలో గ్రంథకర్తకు భాగమీయవలెను. అమ్మకపోయినచో నష్టము తన నెత్తినబడును గనుకనే అతడు అమ్ముటకు పాటుపడును. గ్రంథకర్తయొద్దనే మొత్తము సొమ్మును, లాభముతోసహా, ముందుగ పుచ్చుకొన్నవానికి అమ్మవలసిన యక్కఱ యేమున్నది? పాఠకుడు వానికి గిరాకీదారుడు కాడు, గ్రంథకర్తయే గిరాకీదారుడు. పుస్తకము చెడిపోయినను వానికి నష్టము లేదు, బాగుపడినను లాభము లేదు. ఇట్టివానిని ప్రకాశకుడని పిలుచుట, శవమును మోయువానిని వైద్యుడని పిలుచుటవంటిది.

“పెద్ద సంస్థ పేరు లేని పుస్తకమును ఎవరు గౌరవింతురు?” అని కొందఱు నన్నడిగిరి. ఆటల పుస్తకముల చరిత్రమును చూచినచో ఈ ప్రశ్న నిలువదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రమందలి లారెన్స్ అను పట్టణమున బిల్ జేమ్స్ అనునతడు డబ్బాలలో ఆహారపదార్థములు నింపు కర్మాగారమున రాత్రి కావలి కాయుచుండెను. బేస్‌బాల్ ఆటయందలి లెక్కలను పట్టి, ఎవడు నిజముగ నాటగాడో, ఎవడు పేరుమోసినవాడో విడదీయుట అతని వ్యసనము. 1977లో అతడు తన లెక్కలను 68 పుటల పొత్తముగ తానే వెలువరించి, ఆటల పత్రికలో చిన్న ప్రకటన వేయించెను. అమ్ముడుపోయినవి 75 ప్రతులు! అతడు నిరాశ చెందలేదు. ఏటేట మఱల వ్రాసి మఱల వెలువరించెను. చదివినవారు మిత్రులకు చెప్పిరి. 1982 నుండి పెద్ద ప్రచురణ సంస్థయొకటి దానిని తనంతట తానై వెలువరించెను. పిదప బోస్టన్ జట్టువారు అతనిని సలహాదారుగ నియోగించిరి. 1918 తరువాత ఛాంపియన్‌షిప్పు నెఱుగని యా జట్టు 2004లో గెలిచెను. ఆ గెలుపునకు ఆటగాండ్రు కారకులు కాని పుస్తకము కాదని మీరందురేమో; అట్లే యగుగాక. 75 మంది పాఠకులతో మొదలైన పొత్తము ఒక దేశము తన యాటను చూచు విధమునే మార్చినదన్నది మాత్రము నిజము.

క్రికెట్టును కొలువుకూటపు ఆటగా భావించువారు విస్డెన్ అను వార్షిక గ్రంథమును వేదమువలె చూతురు. దానిని స్థాపించిన జాన్ విస్డెన్ బంతి విసరు ఆటగాడు. పిదప లండను నగరమున ఆటసామగ్రి యమ్ము దుకాణదారుడు. 1864లో అతడు 112 పుటల చిన్న పొత్తమును ఒక షిల్లింగు వెలకు తానే ప్రకటించెను. అందులో పుటలు నింపుటకై కాలువల పొడవులను, గుఱ్ఱపు పందెముల విజేతల పేళ్లను సయితము చేర్చెను. నేడు దానిని చూచిన నవ్వు వచ్చును. కాని అది వెల తక్కువది, ఆటవారి చేతికి అందునది, ఏటేట తప్పక వచ్చునది. అందుచేతనే యది నిలిచెను.

మఱియొక యుదాహరణము మనకు మఱింత సమీపమైనది. ఇంగ్లండులో హాంబుల్డన్ అను పల్లెలో పదునెనిమిదవ శతాబ్దమున గొప్ప యాటగాండ్రుండిరి. వారినడుమ పెరిగిన జాన్ నైరెన్ వృద్ధుడై జ్ఞాపకములు చెప్పగా, చార్లెస్ కౌడెన్ క్లార్క్ అను అక్షరాస్య మిత్రుడు వ్రాసెను. 1832లో ఆ జ్ఞాపకములు ఒక వారపత్రికలో వరుసగ వెలువడెను, 1833లో పుస్తకమయ్యెను. ఆ పల్లె యాటగాండ్ర ముఖములును మాటలును నేటికి మనకు తెలియుచున్నవన్నచో అది యా యిరువురి పుణ్యము. మన సాము గురువులలో అక్షరము రానివారు పెక్కుమంది. వారు చెప్పగా వ్రాయుటకు క్లార్కులు కావలెను. వ్రాసిన భాగములను మొదట పత్రికలకిచ్చుటకు బుద్ధి కావలెను.

కావున నా మతమిది: కొలదిమంది యాడెడి యాటను గూర్చిన పుస్తకమునకు ఆ కొలదిమందియే ప్రకాశకులు కావలెను. వారిని ముందుగ లెక్కింపవలెను, పిమ్మట అచ్చువేయవలెను. మనము దీనికి విరుద్ధముగ చేయుచున్నాము. ముందు అచ్చువేసి, పిదప పాఠకులను వెదకుచున్నాము. పెండ్లిపందిరి వేసి వరుని వెదకుట యెక్కడనైన కలదా?

లెక్కింపు కష్టము కాదు. వ్రాసిన దానిలో నాలుగైదు ప్రకరణములను పత్రికలలోనో, వాట్సాప్ మూలముననో ఆటవారికి చూపవలెను. తప్పులు చెప్పుడని వారిని వేడుకొనవలెను. చెప్పినవారు పుస్తకము తమదియే యనుకొందురు. పిదప చందా కోరవలెను. లెక్కకొఱకు ఇట్లనుకొందము: అక్షరములు కూర్చుట, ప్రూఫులు దిద్దుట, అట్ట వేయుట మొదలగు వానికి 25,000 రూపాయలు, ప్రతికి కాగితము, అచ్చు, కుట్టు కలిసి 80, తపాలాకు 30. తక్కువ ఖర్చుతో పుస్తకములను చేరవేసిన రిజిస్టర్డు బుక్ పోస్టు 2024 డిసెంబరులో నిలిచిపోయినది గనుక తపాలాను లెక్కలో మఱవరాదు. 300 మంది చందాదారులు తలకు 200 రూపాయలిచ్చినచో 60,000 వచ్చును. ఖర్చు 58,000. మిగులు 2,000 మాత్రమే. కాని ఎవరి మెడలోని గొలుసును కదలలేదు, ఎవరి మంచముక్రిందను ప్రతులు చేరలేదు. చందాదారులు 300 చేరకపోయినచో? సొమ్ము తిరిగి యిచ్చివేయవలెను. లేదా పుస్తకమును కుదించవలెను. ఆ నిజము అచ్చునకు ముందు తెలియుట మేలా, తరువాత తెలియుట మేలా?

ఆ పిమ్మట ఒకటి రెండు ప్రతులు కావలసినవారికి ప్రింట్ ఆన్ డిమాండ్ అను పద్ధతి యుపకరించును. అడిగినన్ని ప్రతులే యచ్చుపడును. ప్రతికి ఖర్చు కొంత యెక్కువ, కాని నిలువ చేయు బాధ లేదు. ఇక అచ్చునకు ముందు వ్రాతప్రతిని ఇరువురు చదువవలెను: ఆట తెలిసినవాడొకడు, తెలియనివాడొకడు. తెలిసినవాడు తప్పు పట్టును. తెలియనివాడు అర్థము కాని చోటు చూపును. ఈ పనికి వజ్రపు ప్యాకేజీ అక్కఱలేదు.

చందాపద్ధతి పరాయిది కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చందాదారులను కూర్చుకొని, చరిత్రములను, శాస్త్రగ్రంథములను తెలుగువారికి స్వల్పమైన వెలకు అందించిరి. ఆనాడు శాస్త్రగ్రంథమనగా నేటి కఱ్ఱసాము పుస్తకమువలె కొలదిమందికి కావలసినదే. మన తాతలు ఆ పని చేయగలిగిరి. చేతిలో ఫోను పెట్టుకొని మనము చేయలేమా?

“యూట్యూబులో సాము చూపుచుండగా పుస్తకమెందుకు?” అనువారును కలరు. చూపుట వేఱు, చెప్పుట వేఱు. దృశ్యము దెబ్బను చూపును. ఆ దెబ్బకు పేరేమి, ఏ యూరి గురువు ఎట్లు నేర్పెను, ఏ వయసున నేర్పరాదు అనువానిని నిలిపి చెప్పునది పుస్తకమే. రెండును ఉండవలసినదే; ఒకటి రెండవదానికి శత్రువు కాదు.

గ్రంథకర్తలు తెలిసికొనవలసిన శాసనవిషయములు కొన్ని కలవు. 1957వ సంవత్సరపు శాసనమునుబట్టి గ్రంథస్వామ్యము గ్రంథకర్త జీవితకాలమంతయు, ఆ పిమ్మట 60 సంవత్సరములును ఉండును. దానిని ఇతరులకు బదలాయించుట వ్రాతమూలముగను, గ్రంథకర్త చేవ్రాలుతోను జరుగవలెను. ఎంతకాలమునకో పత్రమున చెప్పనిచో అయిదు సంవత్సరములకని శాసనము భావించును. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను కేంద్రప్రభుత్వపు సంస్థ ఉచితముగ నిచ్చుచున్నది. దానికి వేలు పుచ్చుకొనువాని మాట నమ్మరాదు. 1954వ సంవత్సరపు శాసనమునుబట్టి, అచ్చయిన ప్రతి పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసులోని కన్నెమరా మొదలగు గ్రంథాలయములకును ప్రకాశకుడు తన ఖర్చుతో పంపవలెను. తానే ప్రకాశకుడైన గ్రంథకర్త ఈ పనిని భారమనుకొనరాదు. తన యూరిలో అందఱును మఱచినను అచ్చట నొక ప్రతి యుండును.

పెద్ద ప్రకాశకులను ఆశ్రయింపవలదని నేననుట లేదు. మీయొద్ద కాసు కోరక, తన సొమ్ము పెట్టి, రాయల్టీ యెంతో, కాలమెంతో స్పష్టముగ వ్రాసి యిచ్చువాడు దొరకినచో సంతోషముతో చేవ్రాలు చేయుడు. అట్టివాడు దొరకనిచో ఆటవారినే నమ్ముడు. ఈ రెండు మార్గములును గౌరవమైనవే. శుల్కమిచ్చు మూడవ మార్గము మాత్రము వలదు.

ఇంతవరకు గ్రంథకర్తలకు చెప్పితిని. ఇక చదువరులారా, మన పాపమును గూర్చి ఒక మాట. పుస్తకము వచ్చినదనగానే “మాకొక ప్రతి పంపలేదేమి?” అని యడుగువారము మనమే. కూరగాయల దుకాణదారుని ఉచితముగ అడుగుటకు సిగ్గుపడుదుము. మిత్రుని 28 సంవత్సరముల శ్రమను అడుగుటకు సిగ్గుపడము. ఉచిత ప్రతి అభిమానమునకు గుర్తని యనుకొనుచున్నాము. అది తఱచుగ చదువకుండుటకు అనుమతిపత్రము. వెల యిచ్చి కొన్నవాడు చదువును, తప్పులున్నచో జగడమాడును. ఆ జగడమే గ్రంథకర్తకు కావలసినది. మిత్రుని పుస్తకమునకు శాలువా తేవలదు, చందా తెండు. మనము ఇంటిపన్నుతో గ్రంథాలయపు సెస్సు చెల్లించుచున్నాము గదా. ఇట్టి పుస్తకమును తెప్పింపుడని మీ యూరి గ్రంథాలయమున నడుగుడు.

గృహిణులైన సోదరీమణులకు ప్రత్యేకముగ విన్నవించుచున్నాను. వామనగుంటలు, అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ల మొదలగు నాటల నియమములు మీ యత్తగార్లకు, అమ్మమ్మలకు తెలిసినంతగ మఱెవ్వరికిని తెలియవు. అవి యాటలు కావని, పుస్తకమునకు తగవని మగవారనిన నమ్మవలదు. వారు చెప్పగా వ్రాసి పెట్టుడు. పది యిండ్లవారు కలిసి 30 పుటల పొత్తమును అచ్చువేయించుకొనినను అది ప్రచురణమే.

నా మిత్రుని సంగతి చెప్పి ముగించెదను. ఆయన 2019లో చేసిన పత్రమున కాలపరిమితి వ్రాయబడలేదు. ఆ మోసపు లోపమే తుదకు మేలయ్యెను: 2024లో అయిదు సంవత్సరములు నిండి, గ్రంథస్వామ్యము ఆయన యింటికి తిరిగి వచ్చెను. కుమార్తె ఆ 11 బొమ్మలను సరిచేసెను. రెండవ కూర్పునకు 200 రూపాయల చందాతో పేళ్లు వ్రాసికొనుచున్నారు. నేటివరకు 140 మంది చేరిరి. వారిలో 60 మందికి పైగా సాము నేర్చుకొను బాలబాలికలు. నా పేరు 23వది. తొలినాటి యుచిత ప్రతికి పరిహారముగ నేను రెండు చందాలు కట్టితిని. ఇంకను 160 మంది కావలెను.